పొద్దున్న అత్తకి, సాయంత్రం మావకి

ఆ రోజుల్లో నా ఒళ్లు నా సొంతం కాదు. తెల్లవారింది మొదలు కాలేజీకి బయల్దేరేదాకా అది మా అత్తది. సాయంత్రం కాలేజీ వదిలింది మొదలు అన్నాల వేళదాకా మా మావది. మధ్యలో ఇంటర్మీడియట్ పాఠాలు జరుగుతున్నప్పుడు మాత్రం కాసేపు నా చేతికి వచ్చేది కానీ, అప్పుడది నిద్రపోయేది. బరువులెత్తేవాళ్లు యోగా కూడా చెయ్యాలనీ, యోగా చేసేవాళ్లు కాస్త బరువులు కూడా పట్టాలనీ, రెండూ సమంగా ఉంటేనే ఒంటికి మంచిదనీ ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, పలచటి నడుముల మనుషులు నవ్వుతూ చెబుతున్నారు. వాళ్లని చూస్తే నాకూ నవ్వొస్తుంది. ఈ సంగతి కోటబొమ్మాళిలో ఒక పెంకుటింట్లో ఎప్పుడో తేలిపోయింది. కాకపోతే అది తేలేలోపు ఒక నడుం, రెండు తొడలు, ఒక కాపురం ప్రమాదంలో పడ్డాయి. (తొడలు నావి. నడుమూ కాపురమూ మావవి.)

మాది సముద్రం ఒడ్డు ఊరు. అయ్యది చేపల వ్యాపారం. పదో తరగతి అయ్యాక మా ఊళ్లో కాలేజీ లేదు కనక అమ్మ నన్ను తీసుకెళ్లి తన తమ్ముడి ఇంట్లో పెట్టింది. ఆ తమ్ముణ్ణి ఊరందరూ 'బార్ మావ' అనేవారు. నన్ను చూడ్డానికి మొదటిసారి వచ్చిన మా అయ్య స్టేషన్లో దిగి 'బార్ మావ దగ్గరికి' అనగానే, ఆటో అతను మారుమాట లేకుండా తీసుకెళ్లి బ్రాందీ షాపు ముందు దింపాడట. నిజానికి మా మావ టీ తప్ప ఇంకేదీ తాగి ఎరగడు. ఆయన బార్ ఇనప బార్. కుర్రతనంలో పోటీల్లో బరువులెత్తి, మోకాలు చెడ్డాక ఎరువుల దుకాణం పెట్టుకుని, పెరట్లో ఒక రేకుల షెడ్డు వేసి అందులో ఇనప చక్రాలన్నీ దాచుకున్నాడు. శిష్యుల కోసం ఎదురు చూడ్డమే తప్ప శిష్యులు నిలిచేవారు కాదు. నాలుగు రోజులు వచ్చి, అద్దంలో చేతులు చూసుకుని, లావెక్కలేదని మానేసేవారు.

మా అత్త సంగతి వేరు. ఆవిడ శిష్యురాళ్లతో ఇంటి వసారా పొద్దున్నే నిండిపోయేది. ఎప్పుడో నడుం నొప్పికి శ్రీకాకుళం వెళ్లి ఆసనాలు నేర్చుకుందట. నొప్పి పోయింది, ఆసనాలు పోలేదు. వీధిలో ఎవరైనా 'అబ్బా' అంటే చాలు, చాపతో సహా హాజరయ్యేది. ఊళ్లో ఆవిడ 'ఆసనాల అత్త'.

నేను వెళ్లేసరికే వాళ్లిద్దరికీ మాటల్లేవు. కారణం అడిగితే ఇద్దరూ రెండు కథలు చెప్పారు గానీ, రెండూ కలిపి చూస్తే జరిగింది ఇది. ఒకరోజు పొద్దున్న వసారాలో ఆడవాళ్లందరూ శవాసనంలో ఉండగా, పెరట్లో మావ తన బార్‌ని తల మీదినుంచి ధనామని కింద పడేశాడు. వసారా అదిరింది. శవాలన్నీ ఒక్కసారిగా లేచి కూర్చున్నాయి. వాళ్లలో ఒక పెద్దావిడ 'భూకంపం, భూకంపం' అంటూ చాప నెత్తిన పెట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. అత్త వెనకాలే వెళ్లి, "భూకంపం కాదు పెద్దమ్మా, మా ఇంటాయన. నిజం భూకంపమైతే ఒక్కపాలి ఒచ్చి పోద్ది, ఇది రోజూ ఒస్తాది" అందట. అది మావ చెవిన పడింది. పడ్డాక ఊరుకోకుండా, "నేల మీద దొర్లడానికి కూడా గురువు కావాలేటి?" అని అందరి ముందూ అన్నాడట. అంతే. అప్పటినుంచి వాళ్ల మాటలన్నీ మూడో మనిషి మీదుగా నడిచేవి. మూడో మనిషి లేనప్పుడు పిల్లి మీదుగా నడిచేవట. నేను వచ్చాక పిల్లికి విశ్రాంతి దొరికింది.

నాలో బలం ఉందని కనిపెట్టింది మావే. ఒకరోజు గ్యాస్ బండ తెచ్చినతను వీధిలోనే దింపి వెళ్లిపోతే, చిన్నప్పటినుంచి ఐసు పెట్టెలు మోసిన అలవాటు కొద్దీ నేను దాన్ని భుజాన వేసుకుని వంటింట్లో దింపి, చున్నీ సర్దుకున్నాను. తల ఎత్తి చూస్తే గుమ్మంలో మావ. తవ్వుతున్న నూతిలో నీటిచెలమ కనబడ్డ రైతు మొహంలా ఉంది ఆయన మొహం.

"ఒలే, మళ్లీ ఎత్తు" అన్నాడు.

"ఎందుకు మావా? ఇక్కడే కదా ఉండాలి?"

"ఎత్తవే అంతే! నాను సూడాలి."

ఆ సాయంత్రమే నన్ను షెడ్డులో నిలబెట్టాడు. స్నాచ్ నేర్పుతానన్నాడు. నేల మీదున్న బార్‌ని ఒక్క ఊపులో తల మీదికి తెచ్చి, చేతులు తిన్నగా ఉంచి, దాని కింద గొంతుకూర్చుని, అలాగే పైకి లేవాలి. రాయడానికి సులువే. తను పోగొట్టుకున్నవన్నీ నా చేత ఎత్తించాలని ఆయనకి పుట్టిన కోరిక ఎంత బరువో నాకప్పుడు తెలీదు. విజయనగరంలో స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్ పెడతారనీ, అందులో సీటొస్తే చదువూ తిండీ ఆటా అన్నీ వాళ్లే చూసుకుంటారనీ మా అయ్యకి కబురు పెట్టాడు. అయ్య వచ్చి షెడ్డు అంతా చూసి, "సరే, ఈ యేడు సూద్దాం. సీటు రాకపోతే మాత్రం ఇనప సామాన్లన్నీ ఒగ్గీసి ఇంటికొచ్చీమ్మా. చేపల షెడ్డులో మనిషి కావాలి" అన్నాడు. చేపల షెడ్డంటే నాకు అసహ్యం లేదు. కానీ జీవితమంతా ఐసు ముక్కల మీద నిలబడడం ఊహించుకుంటే పాదాలు జివ్వుమన్నాయి. సీటు నాకు కావాలి, గట్టిగా కావాలి.

అత్త ఊరుకుంటుందా? మేనకోడలు ఇనుముకి బలైపోతోందని పొద్దున్నే నన్ను లేపి వసారాలో మొదటి వరసలో కూర్చోబెట్టింది. "మీ మావ నిన్ను ఎండిపోయిన కొబ్బరిమట్టనాగ సేసీస్తాడు. ఒంగమంటే ఇరుగుద్ది గానీ ఒంగదు. ఒళ్లు గట్టిగుంటే సాలదే గుంటా, మెత్తగా కూడా ఉండాలి" అనేది. ఈ మాట సాయంత్రానికి నా నోటి మీదుగా మావకి చేరేది. మావ బార్‌కి చక్రాలు ఎక్కిస్తూ, "మీ అత్తకి సెప్పు, యోగా సేస్తే కీళ్లల్లో నట్టులన్నీ వదులైపోతాయి. వదులైన బండి బరువు మొయ్యదు" అనేవాడు. ఆ మాట పొద్దున్నకి అత్తకి చేరేది. మధ్యలో నేను తపాలా బంట్రోతుని. (కొన్ని మాటలు నేనే దారిలో పారేసేదాన్ని. అన్నీ అందజేసి ఉంటే ఆ ఇంట్లో వంట కూడా ఆగిపోయేది.)

తిండి దగ్గర ఇంకా అన్యాయం. అత్త లెక్కలో పొద్దున్న నానబెట్టిన పెసలు, చోడి అంబలి, అంటే రాగి జావ. కోడిగుడ్డు తింటే మనసు నిలవదని ఆవిడ నమ్మకం. మావ లెక్కలో సాయంత్రం ఉడికించిన గుడ్లు, నెత్తళ్ల చేపల ఇగురు. పెసలు తింటే గాలి తప్ప కండ రాదని ఆయన నమ్మకం. ఇద్దరికీ ఎదురు చెప్పే ధైర్యం లేక రెండూ తినేదాన్ని. మనసు నిలవలేదు, గాలీ ఆగలేదు. క్లాసులో నా బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చునే రోజులొచ్చాయి.

ఒళ్లు కూడా ఎటూ కాకుండా పోయింది. సాయంత్రం బరువులతో కూర్చుని లేచిన కాళ్లు పొద్దున్నకి కర్రల్లా ఉండేవి. వాటితోనే అత్త పశ్చిమోత్తానాసనం వెయ్యమనేది. ముక్కు మోకాళ్లకి తగలాలి. నా ముక్కుకీ మోకాళ్లకీ మధ్య ఒక గేదె పడుకోవచ్చు. పొద్దున్న అత్త సాగదీసిన భుజాలు సాయంత్రం బార్ కింద వణికేవి. జడ వేసుకోవడానికి చేతులు పైకి లేచేవి కావు. అత్తే వేసేది, ప్రతి పాయకీ మావని ఒక తిట్టు తిడుతూ. కాలేజీలో మూత్రశాల వైపు వెళ్లాలంటే భయం. కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఒక ఎత్తు. లేచేముందు మొక్కుకోవడానికి గోడకి దేవుడి బొమ్మ ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఇంతకీ నా స్నాచ్ మాత్రం కుదర్లేదు. బార్ తల మీదికి రాకెట్‌లా వెళ్లేది. దాని కింద కూర్చునే సరికి ముందుకి తూలి పడేసేదాన్ని. మావ గొంతు చించుకునేవాడు. "కూకో! కిందకి కూకోవే! సినిమా హాల్లో కూకున్నట్టు కూకో!"

"కూకుంటన్నాను మావా!"

"ఏటి కూకోడం అది? బస్సులో సగం సీటు దొరికినోళ్లనాగ!"

ఒకరోజు వంటింటి మెట్ల మీద బియ్యం ఏరుకుంటున్న అత్త, ఎవరితోనూ కానట్టు చేటతో అంది. "మడమలు బిగిసిపోయి ఉన్నాయి. మడమ తిరగకపోతే మనిషి ఎలగ కూకుంటాది?" మావ వినిపించుకోనట్టు నటించాడు. నేను మాత్రం నటించాల్సిన అవసరం లేకుండా బోర్లా పడి ఉన్నాను.

ఇలా ఉండగా జిల్లా యోగా ఉత్సవం వచ్చింది. శ్రీకాకుళంలో కాలేజీ మైదానంలో పెద్ద ప్రదర్శన. ఊరూరి నుంచీ జట్లు వెళ్లాలి. అత్త జట్టుకి అదే మొదటిసారి. మంచినీళ్లు కూడా మరిచిపోయి తిరిగింది. తీరా జట్టులో ఒకావిడ కూతురి పురుడికి వెళ్లిపోయింది. ఆ ఖాళీలో నన్ను నిలబెట్టింది. "పెద్దవేవీ వద్దులే. నలుగురితో పాటు సెయ్యి సాలు. నా పరువు మాత్రం తియ్యకు తల్లీ" అంది. ముందురోజు సాయంత్రం నేను మావ దగ్గరికి వెళ్లి, రేపు ప్రదర్శన ఉంది, ఈ పూట కాళ్లు వదిలేయమని బతిమాలాను. మావ బార్‌కి ఇంకో చక్రం ఎక్కించాడు. "సెలక్షన్ నీ కోసం ఆగుద్దేటి?" అన్నాడు. ఆ పూట తొడలు మండిపోయేదాకా నన్ను కూర్చోబెట్టి లేపాడు.

మర్నాడు తెల్లబట్టల అత్త జట్టుతో నేనూ వేదిక ఎక్కాను. కింద అధికారులు, పిల్లలు, పోలీసులు, పల్లీలమ్మేవాళ్లు. తాడాసనం నిలబడ్డం కనక గట్టెక్కాను. వృక్షాసనంలో కొంచెం గాలి వీచిన చెట్టులా ఊగాను. తర్వాత హలాసనం. వెల్లకిలా పడుకుని, రెండు కాళ్లూ పైకెత్తి, తల మీదుగా వెనక్కి తీసుకెళ్లి, వేళ్లు నేలకి ఆనించాలి. ఎత్తాను. తీసుకెళ్లాను. ఆశ్చర్యం, ఆనాయి కూడా. ఆ సంతోషంలో ఉండగానే రెండు తొడల వెనకా కండలు మెలిపెట్టినట్టు పట్టేశాయి. కాళ్లు కదిపితే ప్రాణం పోతోంది. కదపకపోయినా పోతోంది. నా మోకాళ్లు నా చెవుల పక్కనే ఉన్నాయి. వాటిని అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

మైకు పట్టుకున్న మాస్టారు "ఇప్పుడు నెమ్మదిగా శవాసనం" అన్నారు. జట్టంతా కాళ్లు దింపి పడుకుంది. నేను మాత్రం రొయ్యలా ముడుచుకునే ఉన్నాను. ఆయన నన్ను చూసి పొంగిపోయారు. "చూడండి! మూడో వరసలో ఆ అమ్మాయిని చూడండి! అందరూ ఆసనం విడిచిపెట్టినా ఆమె విడవలేదు. ఇదీ ఏకాగ్రత అంటే! బాహ్య స్మృతి లేదు!" మైదానమంతా చప్పట్లు. బాహ్య స్మృతి లేకపోవడమేమిటి, నాకు పల్లీలమ్మే అతని కేక కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

పక్కన శవంలా పడుకున్న అత్త కళ్లు తెరవకుండానే పళ్ల మధ్య నుంచి అంది. "ఒలే, దింపే."

"దిగట్నేదత్తా."

"సాల్లే, మెప్పించినావు గానీ దింపు."

"అత్తా, పట్టీసినాయి. సచ్చిపోతన్నాను."

ఆవిడ లేచేలోపే జనంలోంచి "ఓలమ్మో, గుంటకి కండ పట్టీసినాది!" అని కేక. మావ గొంతు! ఎరువుల లోడు పని మీద విశాఖ వెళ్తున్నానని చెప్పి బయల్దేరిన మనిషి, ఇక్కడ జనంలో దాక్కుని చూస్తున్నాడన్నమాట. ఎవరు అడ్డొస్తున్నారో చూసుకోకుండా వేదిక మీదికి దూకి, నన్ను ముడుచుకున్నదాన్ని ముడుచుకున్నట్టే రెండు చేతులతో ఎత్తేశాడు. నడుం వంచకుండా ఎత్తాలని రోజూ నాకు నేర్పిన మనిషి, ఆ కంగారులో నడుం వంచి ఎత్తాడు. 'కటుక్' మంది. నన్ను చాప మీద దింపగలిగాడు గానీ తను లేవలేకపోయాడు. వేదిక మధ్యలో సగానికి వంగి, చేతులు వేలాడేసి, నిశ్చలంగా ఉండిపోయాడు.

మైకు మాస్టారు, "వారి గురువుగారు కూడా... పాదహస్తాసనంలో..." అన్నారు. మళ్లీ చప్పట్లు.

అప్పుడు అత్త లేచి పరిగెత్తింది. నా వైపు కాదు. నన్ను దాటుకుని మావ దగ్గరికి. నెలల తరబడి ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడని మనిషి, "బావా! కదలకు బావా, నానున్నాను. ఊపిరి ఒగ్గీ. నెమ్మదిగా ఒగ్గీ" అంది. ఆవిడ మావని బావా అని పిలవగా నేనెప్పుడూ వినలేదు. మావ చిన్నపిల్లాడిలా ఊపిరి వదిలాడు. ఆవిడ ఆయన్ని పక్కకి ఒరిగించి, మోకాళ్లు మడిచి, చాప మీద పడుకోబెట్టింది. ఆ తర్వాతే ఆవిడకి నా కాళ్లు గుర్తొచ్చాయి. (వేదిక దిగాక మాకు జ్ఞాపికలు కూడా ఇచ్చారు. నాది ఏకాగ్రతకి.)

తిరుగు ప్రయాణంలో వ్యాను వెనక సీట్లో మావ పడుకున్నాడు, అత్త ఆయన తల ఒళ్లో పెట్టుకుంది, నేను కింద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. దారిలో మావ, "నిన్న ఆ సక్రం ఎక్కించకుండా ఉండాల్సింది" అన్నాడు. నాతో కాదు, అత్తతో. అత్త, "నాను మాత్రం? కాళ్లు మండిపోయి ఉన్నాయని తెలిసి హలాసనంలో నిలబెట్టినాను కదా" అంది. ఇక అక్కడినుంచి ఇద్దరూ అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు నా ఒళ్లు పంచుకున్నారు. బరువుతో కూర్చుని లేచిన మర్నాడు అత్త కాళ్ల జోలికి రాకూడదు, ఊపిరి మాత్రమే. భుజాలు సాగదీసిన రోజు మావ తల మీదికి ఎత్తించకూడదు. బరువు ముందు ఒళ్లు వేడెక్కించేంత కదలిక, పొడుగు సాగదీతలు బరువు తర్వాత. ఆదివారం ఎవరికీ చెందదు. "ఆదివారం నాకిచ్చీండి" అన్నాను నేను. పొలమే నోరు తెరిచి మాట్లాడినట్టు ఇద్దరూ విస్తుపోయి నన్ను చూశారు.

మావ కొన్నివారాలు నిలబడలేకపోయాడు. అయినా షెడ్డు మానలేదు. నేల మీద చాప వేయించుకుని, బోర్లా పడుకుని, అత్త చెప్పిన భుజంగాసనంలో తల మాత్రం ఎత్తి నాకు శిక్షణ ఇచ్చేవాడు. బుట్టలోంచి తొంగిచూసే పాములా ఉండేవాడు. ఆ మొదటి రోజుల్లోనే నేను బార్ ఎత్తి కిందికి కూర్చోబోతుంటే, నేల మీదినుంచి ఒక్క అరుపు అరిచాడు.

"మడమ లేస్తన్నాదే! ఒలే, నీ మడమ నేల మీద ఉండట్నేదు! అందుకే ముందుకి పడతన్నావు!"

నిలబడి చూసినన్నాళ్లూ ఆయన కళ్లు బార్ మీదే ఉన్నాయి. నేల మీద పడుకుంటే గానీ నా పాదాలు కనిపించలేదు. వంటింటి మెట్ల వైపు తల తిప్పి, కాస్త సిగ్గుపడుతూ, "ఓయ్, మడమలకి ఏటి సెయ్యాలి?" అని అడిగాడు. అత్త చేట పక్కన పెట్టి వచ్చింది. 'ముందే చెప్పాను కదా' అనలేదు. అనకపోవడానికి ఆవిడ ఎంత కష్టపడిందో మొహంలో కనబడింది.

విజయనగరం సెలక్షన్‌కి ముగ్గురం వెళ్లాం. మావ నడుముకి వెడల్పాటి పట్టీ. గట్టిగా అరిస్తే నడుం కలుక్కుమంటుందని అత్త నోరు తెరవొద్దంది. హాలంతా నాకంటే పెద్ద పిల్లలు, తమ బార్ తమ ఇంట్లోనే పుట్టినట్టు ఎత్తేస్తున్నారు. నా మొదటి ప్రయత్నం భయంతోనే పోయింది. బార్ మోకాళ్ల దాకా వచ్చి జారిపోయింది. అయ్య మాట, ఐసు ముక్కలు గుర్తొచ్చి చేతులకి మళ్లీ సుద్దపొడి రాసుకున్నాను. రెండోసారి బార్ ముందు నిలబడి, అత్త నేర్పినట్టు ఊపిరి నింపుకుని వదిలాను. ఎత్తాను. కూర్చున్నాను. మడమలు నేలకి అతుక్కున్నాయి, బార్ తిన్నగా తల మీద ఆగింది. ఎంత హాయిగా ఉందంటే, జీవితంలో మొదటిసారి దాని కింద కుదురుగా కూర్చున్నానేమో, లేవాలన్న సంగతే మరిచిపోయాను.

మావ గుసగుసగా "లే... లే..." అంటున్నాడు. వినిపిస్తే కదా. అప్పుడు, పొద్దున్నే చిలకలా సన్నగా 'శ్వాస తీసుకోండి, వదలండి' అనే మా అత్త, కుర్చీ ఎక్కి హాలు కప్పు ఎగిరిపోయేలా అరిచింది.

"లేవే గుంటా! ఏటే కూకున్నావు? సినిమా అయిపోనాది, లే!"

హాలంతా ఇటు తిరిగింది. నేను లేచి నిలబడ్డాను.

నాకంటే ఎక్కువ ఎత్తినవాళ్లు ఆ రోజు చాలామందే ఉన్నారు. అయినా నన్ను తీసుకున్నారు. 'బరువు తర్వాతైనా పెరుగుద్ది, ఈ పిల్ల కూర్చోవడం బాగుంది' అని పెద్ద సారు అన్నారట. బయటికి వచ్చాక మావ ఏడ్చాడు. ఏడిస్తే నడుం నొప్పి పుట్టి మూలిగాడు. మూలిగినందుకు అత్త తిట్టింది, నేరుగానే.

తర్వాత నేను దేశానికి పతకాలేమీ తేలేదు. రాష్ట్రం దాకా వెళ్లాను, ఒకటి రెండు సార్లు మెడలో ఏదో పడింది, వ్యాయామ ఉపాధ్యాయురాలినయ్యాను. మొన్న ఆదివారం కోటబొమ్మాళి నుంచి ఫోన్. స్పీకర్ పెట్టుకుని ఇద్దరూ ఒకేసారి. "ఎత్తుతన్నావా?" అని మావ, "ఒంగుతన్నావా?" అని అత్త. "ఆ, రెండూ సేస్తన్నాను" అన్నాను ధీమాగా, సోఫాలో పడుకుని. ఫోన్ పెట్టేశాక బాల్కనీలోకి చూస్తే నా బార్ మీద మా ఆయన లుంగీలు ఆరుతున్నాయి. నా చాప మీద మా అబ్బాయి బొమ్మ లారీలు నిలిపాడు. లుంగీలు మడతపెట్టి, లారీలు పక్కకి తోసి, చక్రాలు లేని ఉత్త బార్ తల మీదికి ఎత్తి కింద కూర్చున్నాను. దిగడం బాగానే దిగాను. లేవడానికి మాత్రం బార్ పక్కన పెట్టి కిటికీ ఊచ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ కాలేజీ పిల్ల ఇది చూసి ఉంటే పగలబడి నవ్వేది. నేనూ నవ్వాను, కాకపోతే నెమ్మదిగా, నడుం పట్టకుండా.